అమ్మ దూరం కూర్చున్న తొమ్మిదేళ్ళు

మా అమ్మకు నెలసరి ఒక్క రోజు కూడా తప్పేది కాదు. అమావాస్య వెళ్ళిన నాలుగో రోజు పొద్దున్నే ఇంట్లోంచి బయటికి వచ్చి, గొర్రెల దొడ్డి పక్కన చూరు కింద గొంగడి పరుచుకుని కూర్చునేది. మూడు రోజులు అక్కడే తిండి, అక్కడే పడక. గొంగడికి మైల అంటుకోదని మావాళ్ళ నమ్మకం కాబట్టి అది మాత్రం ఆమెతో ఉండేది. పొయ్యి దగ్గరికి రాదు, నీళ్ళకుండ ముట్టదు. నాలుగో రోజు బట్టల మూట చంకన పెట్టుకుని వాగుకు పోయి, తలమీద నీళ్ళు పోసుకుని ఇంట్లోకి వచ్చేది. అక్క పెళ్ళయి మర్పల్లి పోయాక ఆ మూడు రోజులూ రొట్టెలు చేసే పని నామీద పడింది. నాకు ఒళ్ళు మండేది. నేను చేసిన జొన్నరొట్టె అంచులు పగిలి, పెనం మీదే రెండు ముక్కలయ్యేది. నానమ్మ ఆ ముక్కలను అతికించి చూస్తూ, నన్ను చేసుకోబోయేవాడి మీద జాలిపడేది.

ఇప్పుడు ఆలోచిస్తే అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. అన్నేళ్ళపాటు అంత లెక్కగా ఏ ఆడదానికీ రాదు. నాకూ రాలేదు, అక్కకూ రాలేదు. కాని తల్లి దూరం కూర్చుంటే ఎందుకని అడిగే పిల్ల ఉంటుందా? నేనూ అడగలేదు.

మా ఊరు ధారూర్ స్టేషనుకు నడిచిపోయేంత దూరం. మాది గొర్రెలు కాచుకునే ఇల్లు. నాయనకు అక్షరం ముక్క రాదు కాని, మందలో ఏ గొర్రె ఏ గొర్రెకు పుట్టిందో మూడు తరాల వెనక్కి పోయి చెప్పేవాడు. ఆడపిల్ల పుడితే, గొర్రెపిల్ల సంగతే చెబుతున్నాను, దాన్ని మందలో ఉంచాలా సంతకు తోలాలా అన్నది పిల్లను చూసి తేల్చేవాడు కాదు. దాని తల్లి ఎన్ని ఈతలు ఈనింది, ఆ తల్లి తల్లి ఎంతకాలానికి ఆగిపోయింది అని చూసేవాడు. తొందరగా ఆగిపోయిన గొర్రెకు పుట్టిన పిల్ల ఎంత బొద్దుగా ఉన్నా మందలో ఉండనిచ్చేవాడు కాదు.

"దీని తల్లి నాలుగో ఈతకే ఆగింది. దాని తల్లి గూడ గంతే. దీన్ని నమ్ముకుంటే మంద పెరగది" అనేవాడు.

పిల్లను చూసుకోవడానికి వచ్చే మావాళ్ళది కూడా అదే పద్ధతి. ముక్కూ మొహం చూశాక, పని వచ్చా అని అడిగాక, మాట తల్లి మీదికి పోయేది. ఎందరిని కన్నది, చివరి కాన్పు ఎప్పుడు, ఇంకా దూరం కూర్చుంటుందా అని. అలా అడగడం వాళ్ళకు సిగ్గనిపించేది కాదు. వినే నాకే చచ్చేంత సిగ్గేసేది.

1948లో, రజాకార్ల గొడవ సద్దుమణిగి జనం మళ్ళీ ధైర్యంగా రైలెక్కుతున్న చలికాలంలో, తాండూరు నుంచి ఒక పెద్దావిడ నన్ను చూడటానికి వచ్చింది. వికారాబాదు సంతకు పోయి తిరిగిపోతూ, చెప్పాపెట్టకుండా ధారూరులో దిగింది. ఆ రోజు అమ్మ చూరు కింద ఉంది. నానమ్మకు ఏం చేయాలో తోచలేదు.

"మంచి పని మీద వస్తిరి. మా కోడలు చూస్తే బయటున్నది. ఏమనుకోకుండ్రి" అంది.

ఆ పెద్దావిడ గొంగడి మీద కూర్చున్న అమ్మవైపు తల తిప్పి తేరిపార చూసింది.

"ఏమనుకుంట? మంచిదే గద. పెద్ద బిడ్డ పెండ్లయి నాలుగేండ్లాయె, ఇంకా దూరం కూసుంటున్నదంటే గట్టి మనిషే" అంది.

నేనెలా ఉన్నానో ఆమె ఆ తర్వాత చూసింది. సంబంధం కుదిరిపోయింది. అమ్మ గొంగడి మీదనుంచే చేతులెత్తి దండం పెట్టింది. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటుంటే సంతోషమనుకున్నాను.

తాండూరులో మా అత్తగారిల్లు ఊరి చివర. ఇంటి చుట్టూ బండలు తవ్వే ఖానీలు. ఇంట్లో నేల బండలవి, వాకిలి బండలవి, గొర్రెల దొడ్డి గోడ కూడా బండలదే. పక్కింటివాళ్ళు కన్నడంలో పోట్లాడుకుని తెలుగులో కలిసిపోయేవాళ్ళు. నన్ను చూడటానికి వచ్చిన ఆ పెద్దావిడే మా అత్త. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, గొంతు కూడా అంతే. నేను కాపురానికి పోయిన మూడేళ్ళకు, తన నలభై ఐదో ఏట ఆమె ఒక ఆడపిల్లను కన్నది. అదే ఏడు నేను కొడుకును కన్నాను. నా కొడుకు మూడో నెలలో జ్వరంతో పోయాడు. నా పాలు ఆగలేదు. అత్తకు పాలు చాలడం లేదు. ఏమీ అనకుండా తన బిడ్డను తెచ్చి నా ఒడిలో పెట్టింది. ఆ పిల్ల నా పాలు కూడా తాగి పెరిగింది. మా అత్త అరిచిన అరుపులన్నీ మర్చిపోగలను గాని ఆ మధ్యాహ్నాన్ని మర్చిపోలేను.

ఆ తర్వాత ఇంకోసారి కడుపు వచ్చి, నిలవకుండా పోయింది. ఖానీ పనిలో ఇల్లు గడవక మా ఆయన షోలాపూరు బట్టల మిల్లుకు పోయాడు. ఏడాదికి రెండుసార్లు వచ్చేవాడు. ఇంటి వెనక రెండు గదులు కట్టాలని, అవి అయ్యేదాకా మిల్లులోనే ఉండాలని తల్లీకొడుకుల పథకం. రెండేళ్ళు అన్నది నాలుగైంది, ఆరైంది. నా ఒడి ఖాళీగానే ఉంది. నేను మొహం మాడ్చుకున్నప్పుడల్లా అత్త నవ్వేది.

"పరేషాన్ ఎందుకే? నేను నలభై ఐదుకు కనలేదా? మీ అమ్మ నలభై దాటినంక గూడ దూరం కూసునె. నీకింక మస్తు టైమున్నది."

నేనూ అదే నమ్మాను. అమ్మకు నలభై రెండో ఏట ఆగిందని మా ఇంట్లో అందరికీ తెలుసు. నాకప్పుడు ముప్పై ఒకటి. ఇంకా పదేళ్ళున్నాయని వేళ్ళమీద లెక్క పెట్టుకుని ధైర్యం తెచ్చుకునేదాన్ని. ఆ ఏడు నాకు నెలసరి రెండు నెలలకోసారి, ఒక్కోసారి మూడు నెలలకోసారి వస్తున్నా, మనసు బాగాలేక అలా అవుతోందిలే అనుకున్నాను.

1962 చలికాలంలో ధారూర్ నుంచి మనిషి వచ్చాడు. అక్క ఒంట్లో బాగాలేక పుట్టింటికి వచ్చిందనీ, ఒకసారి చూసి పొమ్మనీ కబురు. పొద్దున బండికే పోయాను. అక్కను చూశాను. ముప్పై నాలుగేళ్ళ మనిషి చిక్కి సగమైంది. ఏడాదిగా దానికి నెలసరి రావడం లేదు. అందరూ గొంగళ్ళు కప్పుకుని ముడుచుకుని కూర్చుంటే, అది ఉన్నట్టుండి కొంగు తీసి విసురుకునేది. మొహం ఎర్రబడి, మెడ మీద చెమట ధార కట్టేది. ఎవరో కిట్టనివాళ్ళు తిండిలో ఏదో పెట్టారని, గాలి సోకిందని అత్తగారింట్లో తేల్చారు. తాయెత్తులు కట్టించారు, పసరు తాగించారు, రెండు ఊళ్ళు తిప్పారు. కన్న ఇద్దరు పిల్లలూ బాగానే ఉన్నారు కాబట్టి సరిపోయింది గాని, లేకపోతే దాన్ని ఏం చేసేవాళ్ళో.

"నాకు గాలి సోకిందట చెల్లె" అంది అక్క, నా చెయ్యి పట్టుకుని. "వొంట్లకెల్లి సెగ లేస్తది. గుండె దడదడమంటది. నేను బతుకుతనో లేదో."

నాకు నోరు ఊరుకోదు. "గాలీ లేదు, ధూళీ లేదు. నాకు గూడ రెండు మూడు నెలలకోసారే వస్తున్నది. నేను చస్తున్ననా?" అన్నాను, దానికి ధైర్యం చెబుదామని.

పొయ్యి ముందు రొట్టెలు తడుతున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది. చేతిలో సగం తట్టిన రొట్టె అలాగే ఉంది. పెనం పొగలు కక్కుతోంది.

"నీకు గూడనా?" అంది.

"ఏమైందిప్పుడు?"

అమ్మ రొట్టెను మళ్ళీ పిండిలో కలిపేసింది. చేతులు కడుక్కుని వచ్చి మా ఇద్దరి మధ్య కూర్చుంది.

"అది గాలి గాదు బిడ్డా. నాకు గూడ గట్లనే అయింది. గిదే సెగ, గిదే చెమట."

"నలభై రెండేండ్లకు గద?" అన్నాను.

"గాదు. ముప్పై మూడుకే."

నాకు అర్థం కాలేదు. "మరి తర్వాత గూడ దూరం కూసుంటివి గద?"

"ఉత్తగనే కూసున్న."

"తొమ్మిదేండ్లు?"

"తొమ్మిదేండ్లు" అంది అమ్మ. ఉతకడానికి బట్టలు లేకపోయినా మూట కట్టుకుని వాగుకు పోయేదాన్నని కూడా చెప్పింది.

ఎవరికైనా అలాంటప్పుడు నోట్లోంచి పెద్ద మాటలు వస్తాయేమో. నా నోట్లోంచి వచ్చింది మాత్రం, "అంటే నేను ఉత్తపుణ్యానికి రొట్టెలు చేసిన్నా?" అన్న మాట. అక్క నవ్వలేక ఏడ్వలేక నా భుజం మీద వాలిపోయింది. అది ఏడుస్తూనే, "అయితే నాకు ఎవరూ ఏం పెట్టలేదా అమ్మా?" అని అడిగింది. ఎవరూ ఏమీ పెట్టలేదని అమ్మ దాని తల నిమిరింది. ఏడాది తర్వాత ఆ రోజు అక్క కడుపునిండా తిన్నది.

నాకు మాత్రం కోపం మెల్లగా పైకి వచ్చింది. ఎందుకలా చేశావని అమ్మను నిలదీశాను.

"మీ నాయిన గొర్రెల సంగతి నీకెర్కనే గద" అంది అమ్మ. "మా అమ్మకు గూడ గట్లనే ముప్పై నాలుగుకో ఏమో ఆగింది. మా పెద్దమ్మకు గూడ అంతే. నాకు ఆగిందని బయటపడితే నిన్ను ఎవరు చేసుకుంటుండె? తల్లి సంగతి ముందుగాల అడుగుతరు. కొడుకు గూడ లేకపాయె. మీ నాయిన ఇంకోదాన్ని తెస్తుండె. నీ పెండ్లి అయినంక మానేద్దామనుకున్న. గప్పుడే మానేస్తే మీ నానమ్మ లెక్క వేస్తదని భయమైంది. నలభై దాటిందాక కూసుంటే ఫికర్ లేదనుకున్న."

"ఊరందరికి అబద్ధం చెప్పినవ్, మంచిదే. నాకెందుకు చెప్పలే?"

"చిన్నదానివి బిడ్డా."

"నాకు ముప్పై ఒకటమ్మా!" అని అరిచాను. "నిన్ను చూసే గద పదేండ్లున్నయనుకుంట కూసున్న. నువ్వు కూసున్నది చూసే గద మా అత్త టైమున్నదంటున్నది. నాకు యాడున్నది టైము?"

అమ్మ తల వంచుకుంది. ఆ క్షణంలో ఆమెను నేను ద్వేషించాను. అంత మాట రాయడానికి ఇప్పుడు చెయ్యి రావడం లేదు, కాని నిజం అదే. నన్ను ఒక ఇంటిదాన్ని చేయడానికి ఆమె ఆడిన నాటకం, ఆ ఇంట్లో నా ఒడి నిండకుండా చేస్తోందని తెలిసిన క్షణం అది.

అప్పుడు వాకిట్లో దగ్గు వినబడింది. నాయన గడప అవతల కూర్చుని ఉన్ని వడుకుతున్నాడు. ఎప్పుడొచ్చాడో ఎవరం చూడలేదు. మొత్తం విన్నాడు. లేచి లోపలికి వచ్చి అమ్మ ఎదురుగా నిలబడ్డాడు.

"నాకు చెప్తే ఏం జేస్తుంటినే?" అన్నాడు.

"ఇంకోదాన్ని తెస్తుంటివి."

నాయన కాదనలేదు. గోడవైపు తిరిగి, "తెస్తుంటినేమో" అన్నాడు. అబద్ధమాడి ఉంటే అమ్మ బహుశా నమ్మేది కాదు. ఆ నిజం విన్నాకే ఆమె భుజాలు కిందికి దిగాయి. తర్వాత ఆయన నావైపు తిరిగాడు. మొహంలో కోపం లేదు. గొర్రెల సంతలో నిలబడి మనసులో లెక్కలు వేసేటప్పటి చూపు అది.

"మీ అమ్మ చెల్లెకు ఎప్పుడాగింది?" అని, ఆ సంగతి అమ్మను నేరుగా అడగలేక, నాతో అడిగించాడు.

చిన్నమ్మకు నలభై ఆరు దాకా వచ్చిందని అమ్మ చెప్పింది.

"గట్లనే ఉంటది" అన్నాడు నాయన. "ఒక్క తల్లి పిల్లలల్లనే ఒకటి తల్లి దిక్కు పోతది, ఒకటి పొట్టేలు దిక్కు పోతది. నువ్వు ఏ దిక్కు పోయినవో చెప్పలేం. నాలుగు దినాలు ఎక్కువే ఉన్నయేమో. కానీ ఉన్నయనుకుని కూసునుడు మాత్రం తప్పు."

మర్నాడు పొద్దున్నే సద్ది కట్టించుకుని షోలాపూరు పోయాడు. అంతకుముందు ఆయన రైల్లో తాండూరు దాటి పోయింది లేదు. వాడి జంక్షనులో బండి మారాలని స్టేషనులో ఎవరో చెబితే, ఆ మాట మర్చిపోకుండా దారి పొడుగునా పక్కవాళ్ళను అడుగుతూ పోయాడట.

షోలాపూరులో ఏం జరిగిందో మా ఆయన తర్వాత ఎన్నిసార్లు చెప్పాడో, చెప్పిన ప్రతిసారీ ఎంత నవ్వాడో. మిల్లు గేటు ముందు గొంగడి భుజాన వేసుకుని నిలబడ్డ మామను చూసి ఆయన ప్రాణం ఎగిరిపోయింది. ఎవరు పోయారో అనుకున్నాడు. నాయనకేమో అల్లుడితో ఆ మాట ఎలా చెప్పాలో తెలియదు. మా ఇళ్ళల్లో మామ అల్లుడితో అలాంటి సంగతులు నోరెత్తడు. ఛాయ్ తాగేదాకా అది ఇది మాట్లాడి, చివరికి తనకు చేతనైన మాటల్లోకి దిగాడు.

"మన మందల ఒక గొర్రె ఉన్నది అల్లుడా. మంచి గొర్రె. దాని తల్లి తొందరగ ఆగింది. తల్లి తల్లి గూడ గంతే. దాని అక్క మొన్ననే ఆగింది. దీనికి ఇంక ఒక్క పిల్ల గూడ లేదు. ఏం జేద్దాం?"

మా ఆయన గొర్రెల పని ఏనాడో వదిలేసిన మనిషి. ఇంతమాత్రానికి మామ ఇంతదూరం రావడమేమిటని ఆశ్చర్యపోతూనే మంచి సలహా ఇచ్చాడు.

"గింతదానికి ఫికరెందుకు మామా? అమ్మెయ్."

నాయన ఛాయ్ గ్లాసు బల్లమీద ధడాలున పెట్టాడట. "గొర్రె గాదురా, నీ పెండ్లాం!" అని అరిచిన అరుపుకు హోటల్లో ఉన్నవాళ్ళంతా తలలు తిప్పారట. అప్పుడు మాత్రం మా ఆయన నవ్వలేదు. ఛాయ్ చల్లారిపోయేదాకా అన్నీ వివరంగా అడిగి తెలుసుకున్నాడు. నాలుగు రోజుల్లో మిల్లు పని మానేసి, పెట్టె పట్టుకుని తాండూరులో దిగాడు.

ఇక మిగిలింది మా అత్త. కొడుకు చెప్పాపెట్టకుండా పని మానుకుని వస్తే ఊరుకునే మనిషి కాదు. కారణం నేనే చెప్పాను.  మోసం చేసి అంటగట్టారని నన్ను పుట్టింటికి పంపినా పంపవచ్చు.

"నీ తల్లి దూరం కూసున్నది నా కండ్లతోని చూసిన గద?" అంది అత్త.

"ఉత్తగనే కూసున్నదట అత్తా."

 ఆ పూటంతా నాతో మాట్లాడలేదు. రొట్టెలు మాత్రం తానే చేసింది. సాయంత్రం నా ముందు పళ్ళెం పెడుతూ, "మస్తు తెలివిగలదే మీ అమ్మ. నన్ను గూడ బోల్తా కొట్టించె" అంది. గొంతులో కోపం ఉంది. అయితే కోపం కన్నా ఎక్కువగా ఇంకేదో ఉంది. పళ్ళెంలో ఇంకో రొట్టె వేస్తూ, "ఆడపిల్ల తల్లి, ఏం జేస్తది మరి" అంది. వెనక గదుల కోసం తెప్పించిన బండలు ఆ తర్వాత చాలాకాలం వాకిట్లోనే పడి ఉన్నాయి. వాటిమీద వడియాలు ఎండబెట్టుకున్నాం.

మా ఆయన మళ్ళీ ఖానీలో చేరాడు. నేను రోజులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఒక నెల వచ్చింది. వచ్చినందుకు అంతగా ఎప్పుడూ సంతోషించలేదు, అంతగా ఎప్పుడూ ఏడవలేదు. వచ్చిందంటే ఇంకా ఆగలేదన్నమాట. వచ్చిందంటే ఈసారి కూడా కడుపు పండలేదన్నమాట. ఈ రెండింటి మధ్య నా ప్రాణం తిరగలిలో పడ్డట్టుండేది. తర్వాత ఇంకో నెల వచ్చింది. ఆ తర్వాత రాలేదు. రెండు నెలలు, మూడు నెలలు, నాలుగో నెల. వాంతులు లేవు, వికారం లేదు. అంతకుముందు రెండుసార్లూ వాంతులతోనే నాకు తెలిసింది. ఈసారి ఒళ్ళు వేడిగా ఉండటం, చెమటలు, నీరసం. అక్క చెప్పినవన్నీ అవే. అత్త నా మొహం చూసి అడగడం మానేసింది. మా ఆయన నా పక్కన కూర్చుని, "ఏది ఎట్లుంటే గట్లనే. నువ్వున్నవు, నేనున్న" అన్నాడు. ఆ మాట నాకు ఓదార్పు కాలేదు, అంతా అయిపోయిందని చెప్పినట్టుంది.

అయిపోయిందో లేదో ఒకసారి గట్టిగా తెలుసుకుంటే మనసు కుదుటపడుతుందని వికారాబాదులో ఒక డాక్టరమ్మ దగ్గరికి బయలుదేరాను. కబురంది ధారూరులో అమ్మ కూడా ఎక్కింది. నా ఎదురుగా కూర్చోలేక పక్కన కూర్చుంది. వికారాబాదు వచ్చేదాకా ఇద్దరం కిటికీలోంచి బయటికే చూశాం.

డాక్టరమ్మ నడివయసు మనిషి, మాట నెమ్మది. అన్నీ అడిగింది. ఎన్నేళ్ళు, ఎన్ని కాన్పులు, చివరగా ఎప్పుడొచ్చింది. తర్వాత, "మీ అమ్మగారికి ఏ వయసులో ఆగింది?" అని అడిగింది.

నేను నోరు తెరిచేలోపల అమ్మే చెప్పింది. "ముప్పై మూడేండ్లకు. నలభై రెండని అందరికి చెప్పిన. గది అబద్ధం." పరాయి మనిషి ముందు ఆ మాట చెప్పడం ఆమెకు అదే మొదలు.  "మా అమ్మకు గూడ అంతే. నా పెద్ద బిడ్డకు అంతే. నేను దాచబట్టి దీని కొంప మునిగిందమ్మా. ఏమన్న మందు ఉంటే చూడుండ్రి."

డాక్టరమ్మ అమ్మను కసరలేదు. కొన్ని కుటుంబాల్లో ఇది వంశంలోనే వస్తుందని, తల్లికీ అక్కకూ తొందరగా ఆగితే చెల్లెలు జాగ్రత్తపడటం మంచిదని చెప్పింది. అలాగని అందరికీ అదే వయసు అని రాసిపెట్టి ఉండదని, తండ్రి వైపునుంచి కూడా పోలికలు వస్తాయని అంది. మా నాయన గొర్రెల భాషలో చెప్పింది ఈమె డాక్టరు భాషలో చెబుతోందని నాకు అనిపించింది. ఇప్పుడు దీన్ని జన్యువులంటున్నారు. ఆమె ఆ రోజు ఆ మాట వాడలేదు.

తర్వాత నన్ను బల్లమీద పడుకోబెట్టి పొట్ట తడిమింది. ఒకసారి ఆగి మళ్ళీ తడిమింది. చెవులకు గొట్టం పెట్టుకుని ఏమో విన్నది. నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను.

"ఆగింది నిజమేనమ్మా" అంది డాక్టరమ్మ. "మళ్ళీ కాన్పయ్యేదాకా రాదు. అయిదో నెల నడుస్తోంది."

నేను అలాగే పడుకుని ఉన్నాను. లేవాలని కూడా తోచలేదు. అమ్మ మాత్రం డాక్టరమ్మ రెండు కాళ్ళూ పట్టుకుంది. ఆమె వద్దు వద్దంటూ కుర్చీ వెనక్కి జరిగినా వదల్లేదు. తిరుగు రైల్లో అమ్మ నా ఎదురుగా కూర్చుని, దిగేదాకా నా మొహమే చూసింది. ధారూరులో బండి ఆగితే నేను గుర్తుచేస్తే గాని దిగలేదు.

పురిటికి పుట్టింటికే వచ్చాను. ఆడపిల్ల పుట్టింది. గట్టిగా ఏడ్చింది, ఆ ఏడుపు ఎంత విన్నా నాకు తనివి తీరలేదు. అక్క మర్పల్లి నుంచి వచ్చి నెలంతా ఉండి నాకూ బిడ్డకూ నీళ్ళు పోసింది. మనిషి తేరుకుని, మొహం నిండుగా అయింది. చెమట పట్టినప్పుడు విసనకర్ర అందుకుని, "మన ఇంటి సెగ వచ్చింది" అని తనమీద తనే జోకు వేసుకునేది.

ఇరవై ఒకటో రోజున బిడ్డను తొట్టెల్లో వేశాం. తాండూరు నుంచి మా అత్త, మా ఆయన వచ్చారు. ఊళ్ళో ఆడవాళ్ళంతా తొట్టె చుట్టూ చేరారు. మా పద్ధతిలో పెద్దవాళ్ళు ఒక్కొక్కరే వంగి బిడ్డ చెవిలో పేరు చెబుతారు. మా అత్త వంగి చెప్పింది. అక్క చెప్పింది. అమ్మ వంతు వచ్చింది. ఆమె తొట్టె తాడు పట్టుకుని వంగి, పేరు చెప్పడం మర్చిపోయిందో, కావాలనే మానిందో, ఊరందరికీ వినబడేంత గట్టిగా చెప్పింది.

"ఇను బిడ్డా. మీ అమ్మమ్మకు ముప్పై మూడుకే ఆగింది. మీ పెద్దమ్మకు గూడ ముప్పై మూడే. యాది పెట్టుకో."

తొట్టె చుట్టూ ఉన్న ఆడవాళ్ళు మొహాలు చూసుకున్నారు. గడప దగ్గర నిలబడ్డ నాయన అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. మా అత్త మాత్రం నడుము మీద చెయ్యి వేసుకుని ముందుకు వచ్చింది.

"జర ఆగు వదినె. అన్ని మీ పోలికలే వస్తయా? నేను నలభై ఐదుకు కన్న. మా దిక్కు పోలిక రావద్దా?"

అమ్మ తొట్టె ఊపుతూనే ఆమెవైపు చూసి నవ్వింది.

"రావచ్చు వదినె, రానీ" అంది. "కానీ చెప్పుడైతే చెప్పాలె గద."